అచ్చు పోసే మాట, బూజు పట్టే మాట

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఒక వాటర్ ఫిల్టర్‌తో వచ్చిన తెలుగు సూచనల కాగితం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. "తడిగా వదిలేస్తే లోపల అచ్చు పెరుగుతుంది" అని ఉంది. అచ్చు పెరగడమేంటని రెండోసారి చదివితే తెలిసింది, ఇంగ్లిష్‌లో అక్కడ మోల్డ్ అని ఉండి ఉంటుంది, అనువదించింది మనిషో మెషినో గానీ ముందు దొరికిన అర్థం తెచ్చి పెట్టేశారు. రాయాల్సింది బూజు. చిన్న తప్పే అనిపించొచ్చు, కానీ ఆ కాగితాన్ని నమ్ముకున్న మనిషికి అసలు జాగ్రత్తే అందలేదు కదా, నా బాధ అదీ.

మోల్డ్ పైకి ఒకే మాట. నిజానికి వేర్వేరు చోట్ల పుట్టిన మూడు మాటలు వచ్చి ఒకే స్పెల్లింగ్‌లో కూర్చున్నాయి. అచ్చు, మూస అనే అర్థమున్నది లాటిన్ మాడ్యులస్ నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, మాడ్యులస్ అంటే చిన్న కొలత, మోడల్ కూడా ఆ కుటుంబమే. బూజు అర్థమున్నది, బూజు పట్టడాన్ని చెప్పే, ఇప్పుడు వాడుకలో లేని ఒక ఇంగ్లిష్ క్రియ నుంచి వచ్చింది. మూడోది మట్టి. తోటపని చేసేవాళ్లు లీఫ్ మోల్డ్ అంటారు చూడండి, రాలిన ఆకులు చివికి చివికి నల్లగా, పట్టుకుంటే పొడిపొడిగా అయ్యే ఎరువు, అందులో ఉన్నది ఈ మోల్డే.

ఇక మోల్డర్ దగ్గరికొస్తే ఇంకా చిత్రం. నామవాచకంగా వాడితే అచ్చులు పోసే పనివాడు, క్రియగా వాడితే మెల్లగా చివికి మట్టైపోవడం! ఒకే అక్షరాలు, ఒకచోట రూపం కట్టడం, ఇంకోచోట ఆ రూపం పోవడం.

మనకిది కొత్తేం కాదు. అ, ఆలను అచ్చులంటాం, ఇటుకలు చేసే చట్రాన్నీ అచ్చే అంటాం. మొదటిది పాణిని వ్యాకరణంలోని అచ్ అనే సంజ్ఞ, రెండోది తమిళ, కన్నడాల్లోనూ ఉన్న ద్రావిడ మాట. అయినా మనలో ఎవరూ తికమకపడరు, ఎందుకంటే పక్కనున్న మాటలు చూస్తాం. ఇంగ్లిష్‌లోనూ అంతే చేయాలి. ముందు 'ఎ' ఉండి, పోయడం, నింపడం లాంటి పనులుంటే చాలావరకు అచ్చు. 'సమ్ మోల్డ్' అని ఉండి, తడి, వాసన, గోడ లాంటివి దగ్గర్లో ఉంటే బూజు. పిల్లల స్వభావాన్ని మోల్డ్ చేయడం అంటే తీర్చిదిద్దడం, ఇక్కడ 'అచ్చు వేయడం' అని రాస్తే అర్థం అందుతుంది గానీ తెలుగులా ఉండదు.

స్పెల్లింగ్‌లో యు ఉంటే బ్రిటిష్, లేకపోతే అమెరికన్, అంతే. యు ఉన్నది బూజు, లేనిది అచ్చు అని కొందరు నేర్పిస్తుంటారు, దయచేసి అది నమ్మకండి.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్‌లో బ్యాక్టీరియా పెంచుతున్న గాజు పళ్లెంలో ఒక మోల్డ్ పెరిగింది, దాని చుట్టూ ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోయింది, పెన్సిలిన్ సంగతి అలా బయటపడింది. దీన్ని ఇంగ్లిష్‌లో రాస్తే మోల్డ్ ముందు 'ఎ' వస్తుంది, అయినా అది బూజే, ఎందుకంటే ఒక రకం బూజు అని చెబుతున్నాం. అందుకే 'ఎ' ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లిపోవద్దు, ఆ వాక్యంలో మోల్డ్ ఏం చేస్తోందో కూడా చూడండి. పెరుగుతోందంటే అది అచ్చు కాదు.