ఎల్దమొస్తవా... ఎక్కడికి?

[తెర మీద: గాజువాకలో రాత్రి పెళ్ళి ఊరేగింపు. డీజే బండి, రంగు లైట్లు.]

ఈమధ్య మా చుట్టాల పెళ్ళిలో డీజే బండి మీద 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' మోగింది. కుర్రాళ్ళంతా ఒక్కసారిగా ఎగిరారు. షిప్‌యార్డులో రిటైరైన మా పెదనాన్న మాత్రం నిలబడి తనలో తాను ఏదో పాడుకుంటున్నాడు. దగ్గరికెళ్ళి విన్నాను. 'శ్రీకాకుళంలో సీమకొండకి.' పల్లవిలో తర్వాతి ముక్క అది. డీజే మిక్సులో అది లేదు.

[తెర మీద: షిప్‌యార్డు క్రేన్లు, తెల్లవారుజాము.]

ఈ పాట వంగపండు ప్రసాదరావుగారిది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి వారి ఊరు. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశారు, విప్లవ పాటల బృందం జననాట్యమండలిలో పాడారు, 2020 ఆగస్టు 4న కన్నుమూశారు.

సీమకొండ పేరు ఊరికే రాలేదండీ. 1967 అక్టోబరు 31న, పార్వతీపురం వైపు ఏజెన్సీ ఊరు మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్ళను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం అక్కడినుంచే రాజుకుంది. ఇప్పుడు పల్లవి మళ్ళీ వినండి. 'ఎల్దమొస్తవా' మన ఇళ్ళల్లో రోజూ అనే మాటే, సంతకు పోదామన్నా అదే అంటాం. ఆ మామూలు పిలుపుతోనే పిల్ల పిల్లాణ్ణి పోరాటం నడిచిన కొండల్లోకి రమ్మంటోంది. అర్థమంతా ఆ 'కొండకి'లోనే ఉంది.

1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తో పాట సినిమాకెక్కింది. అక్కడ అది పోరాటం పాటగానే ఉంది. 2009లో 'మగధీర' వచ్చింది. 'జోర్సే' అనే హుషారు పాటలో ఈ పల్లవి వాడారు. తనను అడక్కుండా వాడుకున్నారని వంగపండుగారు అభ్యంతరం చెప్పారు.

చిందులెయ్యడం తప్పని నేను అనను. ఆయనే కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఆడిన మనిషి. పిలుపు ఉంచి అడ్రసు చెరిపేస్తేనే నాకు బాధ. అప్పుడది ఎవరైనా ఎవరినైనా ఎక్కడికైనా పిలిచే పాటైపోతుంది.

[తెర మీద: జీవీఎంసీ గాంధీ విగ్రహం. డప్పు మీద చేతివేళ్ళు, దగ్గరగా.]

ఇదే పల్లవి ధర్నాలో డప్పు మీద ఎత్తుకున్నప్పుడు గమనించండి. 'ఎల్దమొస్తవా' అన్నాక పాడేవాళ్ళు ఒక్కోసారి ఒక్క దెబ్బ ఖాళీ వదుల్తారు. ఆ తర్వాత కొండ పేరు పడుతుంది. అప్పుడు జనం గొంతు కలిపేది పిలుపు దగ్గర కాదు, ఆ పేరు దగ్గర.

[తెర మీద: మళ్ళీ గాజువాక. బండి ఆగింది.]

జనరేటర్ ఆపాక పెదనాన్న డీజే కుర్రాడికి ఆ రెండో ముక్క పాడి వినిపించాడు. ఆ అబ్బాయి రెండుసార్లు పలికి చూసుకుని, "సీమకొండ ఎటేపు తాతా?" అన్నాడు.

పెదనాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, లేవిడి నుంచి మొదలుపెట్టాడు.