బరేలీలో ఆడవాళ్లు కట్టించిన ఆస్పత్రి

శ్రోతలందరికీ నమస్కారం. విశాఖపట్నం వాళ్లకి ఘోషా ఆస్పత్రి, అంటే ఆడవాళ్ల ఆస్పత్రి, ఎక్కడో చెప్పక్కర్లేదు, అక్కడ పుట్టినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అయితే అంతకు చాలా ముందే, 1874 జనవరి 1న, ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఆడవాళ్ల కోసమే ఒక ఆస్పత్రి తెరిచారు. ఆసియాలోనే మొదటి మహిళా ఆస్పత్రి అదేనని చెబుతారు. కట్టించింది ఏ ప్రభుత్వమో కాదు, అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టు అనే క్రైస్తవ శాఖకి చెందిన మిషనరీ మహిళలు. ఆ ఆస్పత్రి ఎలా లేచిందన్నదే ఇవాళ్టి ముచ్చట.

దీనికి పునాది అమెరికాలోని బోస్టన్‌లో పడింది. 1869 మార్చి, బయట జోరున వాన. ట్రెమాంట్ స్ట్రీట్ చర్చిలో సమావేశమని ఊళ్లో ఆడవాళ్లని పిలిస్తే వచ్చింది గుప్పెడు మంది. క్లెమెంటీనా బట్లర్, లోయిస్ పార్కర్ అని ఇండియాలో కొన్నేళ్లు ఉండి వెళ్లిన ఇద్దరు మాట్లాడారు. మన దేశంలో పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లకి రోగమొస్తే మగ డాక్టరు ముందుకి రారు, ఆడ డాక్టర్లా అసలే లేరు, కాబట్టి కాన్పు కష్టమైతే గదిలోనే ప్రాణం పోతుందని చెప్పారు. అప్పటిదాకా ఆ చర్చిలో మిషనరీ పనంతా మగవాళ్ల పెత్తనమే. ఈ గుప్పెడు మందీ అక్కడికక్కడే తమకంటూ ఒక సొసైటీ పెట్టుకోవాలని తీర్మానించుకున్నారు. చందా వారానికి రెండు సెంట్లు. ఇంటి ఖర్చులోంచి ఏ గృహిణి అయినా మొగుణ్ని అడక్కుండా తీయగలిగినంత డబ్బు! మొదటి మనిషిని పంపడానికి డబ్బు చాలుతుందా అని అనుమానం వస్తే ఒకావిడ లేచి, ఖరీదైన బట్టలు మానేసి నూలు గౌన్లతోనే బోస్టన్ వీధుల్లో తిరుగుదాం కానీ ఆమెని మాత్రం ఆపొద్దు అందట. వాళ్లు ఒకరిని కాదు, ఆ ఏడు నవంబరులోనే ఇద్దరిని ఓడ ఎక్కించారు. ఒకరు ఇసబెల్లా థోబర్న్. లక్నోలో ఆవిడ పెట్టిన ఆడపిల్లల బడే పెరిగి పెద్దదై ఇవాళ ఆవిడ పేరున్న కాలేజీ అయింది. రెండోవారు డాక్టర్ క్లారా స్వేన్.

స్వేన్‌కి అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో అదే ఏడాది పట్టా పుచ్చుకుంది. ఆ కాలేజీ పేరు మనమూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే 1883లో గుంటూరు వచ్చి, తర్వాత అక్కడ మహిళలకి ఆస్పత్రి కట్టించిన లూథరన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ చదివిందీ, మన దేశం నుంచి వెళ్లి 1886లో డాక్టరైన ఆనందీబాయి జోషి చదివిందీ అక్కడే.

1870 జనవరి 20న స్వేన్ బరేలీ చేరింది. ఆస్పత్రి లేదు, మందుల గది లేదు, భాష రాదు. అయినా ఆవిడ వచ్చిందని తెలియగానే రోగులు రావడం మొదలైపోయింది. బరేలీలో మిషన్ వాళ్ల అనాథాశ్రమం ఒకటి ఉండేది, ఆడపిల్లలది. లేడీ డాక్టర్ని పంపండి అని అమెరికాకి ఉత్తరం రాసింది కూడా ఆ ఆశ్రమం చూసుకునే మిసెస్ థామస్సే. వచ్చి రెండు నెలలైనా తిరక్కముందే, మార్చి 1న, స్వేన్ ఆ పిల్లల్లోంచి పద్నాలుగు మందినీ, వాళ్లతోపాటు పెళ్లయిన ముగ్గురు ఆడవాళ్లనీ కూర్చోబెట్టి వైద్యం చెప్పడం మొదలుపెట్టింది. ఈ సంగతి దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే. ఆస్పత్రి గోడలు లేవకముందే ఆస్పత్రి మనుషులు తయారవుతున్నారు. పగలు రోగుల్ని చూస్తూ, ఇళ్లకి వెళ్లాల్సి వస్తే ఈ పిల్లల్ని వెంటబెట్టుకుపోతూ మూడేళ్లు నేర్పింది. 1873 ఏప్రిల్‌లో వైద్యుల ముందు పరీక్ష జరిగితే పదమూడు మంది నెగ్గారు. మామూలు జబ్బులన్నిటికీ వైద్యం చేయవచ్చని సర్టిఫికెట్లు ఇచ్చారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఆడవాళ్లని చేర్చుకున్నది 1875లో, అంటే దీనికి రెండేళ్ల తర్వాత. అమ్మానాన్నా లేని పిల్లలు వాళ్లు. వైద్య చరిత్ర చెప్పేటప్పుడు స్వేన్ పేరు చెప్పి ఆ పదమూడు మందినీ వదిలేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇక స్థలం సంగతి. మిషన్ ఇంటిని ఆనుకునే నలభై ఎకరాల పైచిలుకు ఎస్టేటు ఉండేది. పెద్ద పాత ఇటుక బంగళా, తోట, బావులు. కావలసింది సరిగ్గా అదే. కానీ అది రాంపూర్ నవాబు కల్బే అలీ ఖాన్‌ది. తన రాజ్యంలో మిషనరీల్ని అడుగుపెట్టనివ్వనని ఆయనకు పంతం ఉన్నట్టు చెప్పుకునేవారు. కొందామన్నా అడిగే ధైర్యం ఎవరికి? చివరికి 1871 అక్టోబరులో స్వేన్, థామస్ దంపతులు నలభై మైళ్ల ప్రయాణం చేసి రాంపూర్ వెళ్లారు. తరిమేస్తారేమో అనుకుంటే నవాబు దారిపొడవునా గుర్రాలు మార్చే ఏర్పాటు చేయించాడు, బస ఇచ్చాడు, ఊరు చూపించాడు. తీరా దర్బారులో విషయం కదిపి, ఆడవాళ్ల ఆస్పత్రి కోసం ఆ స్థలం అమ్ముతారా అని అడగబోతే, అమ్మడమేంటి, తీసుకోండి, ఇలాంటి పనికి సంతోషంగా ఇస్తున్నాను అనేశాడు. ఇస్లాం మీద గట్టి నమ్మకమున్న పాలకుడు, క్రైస్తవ మతం చెప్పడానికే వచ్చిన ఆడవాళ్లకి భూమి ఊరికే ఇచ్చాడు. ఆయన మిగతా పరిపాలన సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్కదానికీ చేతులెత్తి మొక్కాలి.

పాత బంగళాని బాగుచేసుకుని 1872లో అందులో కాపురం పెట్టారు. 1873 మే నాటికి డిస్పెన్సరీ భవనం పూర్తయింది, ఆ మరుసటి జనవరికి ఆస్పత్రి. అమెరికాలో చూసిన ఆస్పత్రి నకలు కట్టి ఉంటే ఒక్క మనిషీ వచ్చేది కాదు. వరసగా మంచాలు వేసి పక్కపక్కనే పడుకోమంటే పరదా ఇళ్ల ఆడవాళ్లు ఒప్పుకుంటారా? వేరే కులం వాళ్లు వండింది తింటారా? అందుకే మన సత్రాల పద్ధతిలో విడివిడిగా గదులు పెట్టారు. రోగి తన తల్లినో అత్తనో, పిల్లల్నీ, పనిమనిషినీ వెంట తెచ్చుకోవచ్చు, తమ వంట తామే వండుకోవచ్చు. హిందువులకి వాళ్ల ఆచారం, ముస్లింలకి వాళ్ల పరదా, దేనికీ అడ్డం రాలేదు. రోగులు తమకు తగ్గట్టు మారాలని పట్టుబట్టకుండా కట్టడాన్నే రోగులకు తగ్గట్టు మార్చారు చూడండి, అక్కడుంది తెలివి. ఇప్పటికీ మన ఊళ్లలో ఆస్పత్రికి వెళ్లిన మనిషి వెంట వచ్చినవాళ్లు చెట్టు కింద పడుకోవడం చూస్తున్నాం కదా, కొత్తగా ఆస్పత్రులు కట్టేవాళ్లు బరేలీ గదుల గురించి ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మందు చీటీ మీద బైబిల్ వాక్యం అచ్చువేసి ఇచ్చేవారు, పైగా ఈ దేశపు భాషల్లోనే. రోగితో పాటు వాక్యం కూడా ఇంటికి వెళ్లాలని వాళ్ల ఆశ. మతం చెప్పడం వాళ్ల ఉద్దేశం కాదని ఎవరైనా అంటే అది నిజం కాదు, వాళ్లే ఎప్పుడూ అలా అనలేదు. వైద్యం కేవలం ఎర అని అనడమూ నాకు సరిగా తోచదు, ఎందుకంటే చీటీ తీసుకుని మతం మార్చుకోకుండా ఇంటికి వెళ్లిన వేలమందికి కూడా కాన్పు క్షేమంగానే చేశారు.

స్వేన్ 1885లో రాజస్థాన్‌లోని ఖేత్రికి రాణిగారి వైద్యం కోసం వెళ్లింది. వైద్యం అయ్యాక వెనక్కి రానివ్వలేదు, ఉండిపొమ్మన్నారు. 1896లో స్వదేశం వెళ్లేదాకా దాదాపు పదేళ్లు ఆ సంస్థానంలోనే రాజవైద్యురాలు. ఇండియాలో మెథడిస్టు మిషన్ స్వర్ణోత్సవాలప్పుడు, డెబ్బై దాటిన వయసులో మళ్లీ ఓడెక్కి వచ్చి వెళ్లింది. 1910 క్రిస్మస్ రోజున అమెరికాలో కన్నుమూసింది. బరేలీ ఆస్పత్రిని ఇవాళ క్లారా స్వేన్ హాస్పిటల్ అంటారు. మొదట్లో అక్కడ ఆడవాళ్లని మాత్రమే చూసేవారు, ఇప్పుడు అందరినీ చూస్తారు.