చలి పొద్దున బండి మొరాయిస్తే

శ్రోతలకు నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, హైదరాబాద్ చలికి బండి స్టార్ట్ కావట్లేదంటే నేను ఒప్పుకోను. మన చలి ఎంతని? డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున సిటీలో 12, 13 డిగ్రీలు, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఒక్కోసారి పదిలోపు. ఢిల్లీలో 5 డిగ్రీలున్న పొద్దుల్లో కూడా ఇవే బళ్లు నడుస్తున్నాయి కదా. కండిషన్‌లో ఉన్న బండి మన చలికి రెండో కిక్కుకో మూడో కిక్కుకో లేవాలి. లేవలేదంటే అందులో ముందు నుంచే ఏదో తేడా ఉంది, ఎండాకాలమంతా అది కప్పిపుచ్చుకుని తిరిగింది, చలి రాగానే బయటపడింది, అంతే.

ఇప్పుడు నేను మాట్లాడేది కార్బొరేటర్ బళ్ల గురించి, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ అనే భాగం ఉన్న టూవీలర్ల గురించి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు, అంటే సెన్సర్లు చూసుకుని పెట్రోల్ చిమ్మే పద్ధతికి మారిపోయాయి. కానీ అంతకు ముందు కొన్న స్ప్లెండర్లు, పల్సర్లు, యాక్టివాలు ఇంకా మన రోడ్ల మీద బోలెడు తిరుగుతున్నాయి, అవి ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి, పాలు పోసేవాళ్లు, పేపర్ వేసేవాళ్లు, నాలుగింటికే లేచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలకు పోయేవాళ్లు. సరిగ్గా చలి ఎక్కువగా ఉన్న వేళకే బండితో పని పడేవాళ్లన్నమాట.

అసలు చల్లగా ఉంటే ఏమవుతుంది? పెట్రోల్ ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోల్‌కు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లిన పెట్రోల్‌లో చాలా భాగం ఆవిరి కాకుండా గోడలకే అంటుకుని ఉండిపోతుంది, దాంతో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ దగ్గరికి చేరే మిశ్రమం పలచబడి మంట అందుకోదు. పైగా పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, అరచేతిలో శానిటైజర్ వేసుకుంటే చల్లగా అనిపిస్తుంది చూడండి, అలా. మంచు కురిసిన రోజు కాస్త దూరం నడిపి బండి ఆపి చూస్తే కార్బొరేటర్ ఒంటి మీద సన్నటి నీటి చుక్కలు కనిపిస్తాయి, అవి దీనివల్లే.

ఈ కొరత తీర్చడానికే చోక్ ఉంది. కొన్ని బళ్లలో చోక్ లాగితే గాలి వచ్చే దారికి ఒక రేకు అడ్డం పడుతుంది, గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువ లాగుతుంది. ఇంకొన్నింట్లో గాలిని ఆపడం ఉండదు, పెట్రోల్ ఎక్కువగా పోవడానికి వేరే సన్నదారి తెరుచుకుంటుంది. ఈ రెండో రకంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు, చోక్ లాగి, ఎక్సలేటర్ గట్టిగా తిప్పుతూ కిక్ కొడతారు. ఎక్సలేటర్ మూసి ఉంటేనే ఇంజన్ లాగే లాగుడు ఆ సన్నదారి మీద పడుతుంది, తెరిస్తే ఆ లాగుడు పోయి చోక్ ఉన్నా లేనట్టే. కాబట్టి చోక్ పూర్తిగా లాగండి, చేతిని ఎక్సలేటర్ మీద నుంచి తీసెయ్యండి, అప్పుడు కిక్ కొట్టండి. లేచాక ఒక అర నిమిషం ఆగి చోక్ సగానికి దించండి, రేస్ ఇస్తే గొంతు పట్టినట్టు కాకుండా తేలిగ్గా అందుకుంటోంది అనిపించగానే పూర్తిగా తీసెయ్యండి. కొందరు ఆఫీసు దాకా చోక్‌తోనే పోతారు, మైలేజీ పోతుంది, ప్లగ్ మసి పడుతుంది, తర్వాత మళ్లీ చలినే తిట్టుకుంటారు.

పాత చేతక్ స్కూటర్‌ను పక్కకు వంచి నిలబెట్టి కిక్ కొట్టేవాళ్లు గుర్తుందా? అదీ ఒక రకం చోకే లెండి, వంచితే కార్బొరేటర్‌లోంచి పెట్రోల్ నాలుగు చుక్కలు ఎక్కువ పోయేది.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. చోక్ వేసినా లేవకపోతే, లేచినా చోక్ తీయగానే ఆగిపోతుంటే, సిగ్నల్ దగ్గర స్లోలో నిలబడకపోతే, నూటికి తొంభై పాళ్లు అనుమానం స్లో జెట్ మీదే పెట్టుకోవాలి. కార్బొరేటర్ లోపల, బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ పోయే దారిలో ఉండే ఇత్తడి చిన్న ముక్క అది, మధ్యలో అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం. దాన్ని విప్పి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడాలి. శుభ్రంగా ఉంటే సూది మొనంత గుండ్రటి వెలుగు కనిపిస్తుంది, లేదంటే ఆ వెలుగు అర్ధచంద్రంలా ఉంటుంది, పూర్తిగా మూసుకుపోతే అసలు ఏమీ కనబడదు. అడ్డం పడినది పచ్చటి జిగురో, ట్యాంక్ తుప్పు రేణువో అయి ఉంటుంది. మెకానిక్ "కచరా వచ్చింది సార్" అనేది దీన్నే. దాన్ని పిన్నుతోనో గుండుసూదితోనో పొడవనివ్వకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్ ఇక పనికిరాదు. గాలి కొట్టించాలి, మరీ మొండిగా ఉంటే వైరులోని రాగి పోగు ఒక్కటి తీసి మెల్లగా పోనివ్వాలి. కార్బొరేటర్ విప్పకుండానే స్లో స్క్రూ ఒక చుట్టు బిగించి "అయిపోయింది అన్నా, తీస్కపో" అనే మెకానిక్కులూ ఉన్నారు. అప్పటికి బండి గుయ్‌మంటూ నిలబడుతుంది కానీ జెట్‌లో కచరా అలాగే ఉంటుంది, వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ.

ఈ మధ్య దీనికి ఇంకో సంగతి తోడైంది, బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్‌కు కావలసిన దానికంటే రెట్టింపుకు పైగా వేడి కావాలి, చలి పొద్దున ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజెక్షన్ బండిలో సెన్సర్ చూసుకుని కొంత సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ ఎంత ఇస్తే అంతే. ఇంకా, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే అది ఇథనాల్‌తో కలిసి ట్యాంక్ అడుగున, కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలవుండే గిన్నె, అదే బౌల్, దాని అడుగున విడిగా చేరుతుంది. బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని వదులు చేసి ఒక గాజు సీసాలో పట్టి చూడండి, అడుగున వేరే పొర కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది. పక్కన బీడీ, సిగరెట్ వెలిగించినవాళ్లు ఉండకూడదని వేరే చెప్పాలా!

సంక్రాంతికి సగం సిటీ ఊరికి పోతుంది, బండి సెల్లార్‌లో పది రోజులు అలా పడి ఉంటుంది. ఈలోగా బౌల్‌లో ఉన్న పెట్రోల్‌లోంచి తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోతుంది, మిగిలింది మండడానికి మొరాయించే సరుకు. ఊరు బయల్దేరే ముందు ట్యాంక్ కింద ట్యాప్ కట్టేసి బండిని దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. వెళ్లేలోపు ట్యాంక్ నింపితే ఇంకా మంచిది, ఖాళీ జాగా తక్కువుంటే తేమ చేరడమూ తక్కువే. వచ్చాక ట్యాప్ తిప్పి ఒక నిమిషం ఆగాక కిక్ కొట్టండి.

అదే పనిగా కిక్ కొట్టి కొట్టి పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే ప్లగ్ తడిసిందని అర్థం. అప్పుడు చోక్ తీసేసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొడితే ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది. అప్పటికీ లేవకపోతే ప్లగ్ విప్పి ఆరబెట్టండి. కొన ఇటుక రంగులో ఉంటే మంచిదే, నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, తెల్లగా ఉంటే తక్కువైంది.

బ్యాటరీ చలికి నీరసిస్తుంది, సెల్ఫ్ నొక్కితే హెడ్‌లైట్ మసకబారుతోందంటే అదే, కిక్ ఉంటే పొద్దున మొదటిసారి కిక్కే కొట్టండి. ఇంజనాయిల్ కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడ్ రాశారో అదే పోయించండి, చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు మంచిదని మన వీధి మెకానిక్ చెప్పినా సరే.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చోక్ వేసి బండి వదిలేసి, పైకెళ్లి టిఫిన్ బాక్స్ తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. చోక్ మీద నడిచే ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వదులుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని చంపగలదు. వాచ్‌మన్ కుటుంబం ఆ సెల్లార్‌లోనే పడుకుని ఉంటుంది. బండిని బయటికి తోసుకొచ్చి స్టార్ట్ చేయండి.

ఇంజెక్షన్ బండి కొన్నవాళ్లు చోక్ కోసం వెతకక్కర్లేదు. తాళం తిప్పగానే ట్యాంక్ దగ్గర సన్నగా జుయ్‌మని పంపు శబ్దం వస్తుంది, అది ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఉండి, ఎక్సలేటర్ తిప్పకుండా సెల్ఫ్ నొక్కండి. ఆ శబ్దమే రాకపోతే బ్యాటరీయో ఫ్యూజో చూపించుకోవాలి. సెలవు, నమస్కారం.