ఎలా కట్టారు, ఎలా నేశారు అని అడిగేవారికి ఓరుగల్లు

[దృశ్యం: హనుమకొండ, వేయి స్తంభాల గుడి ఆవరణ, ఉదయపు ఎండ]

నమస్కారం. ఏ కట్టడం ముందు నిలబడినా, దీన్ని ఎవరు కట్టించారన్న ప్రశ్న కంటే ముందు ఇది ఇన్నాళ్లూ ఎలా నిలబడిందన్న ప్రశ్న కొందరి మనసులో మెదులుతుంది. అటువంటి సాంకేతిక ప్రియులు వరంగల్‌కు వస్తే ఏమి చూడాలో, వెళ్లేటప్పుడు ఏమి కొనుక్కోవాలో ఈ వీడియోలో చెబుతాను. ఇందుకు రెండు రోజుల సమయం సరిపోతుంది.

1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువైన త్రికూటాలయం. అద్దంలా మెరిసే ఆ నల్లరాతి స్తంభాలను అందరూ చూస్తారు. మీరు మాత్రం పక్కనే ఉన్న కల్యాణమండపం దగ్గర మరికొంతసేపు ఆగండి. కుంగిపోయిన ఆ మండపాన్ని 2006లో రాయి రాయికీ అంకె వేసి విడదీశారు. పునాదిని మళ్లీ వేసి, పాడైనవాటి స్థానంలో కొత్తగా చెక్కిన రాళ్లను చేర్చి, అన్నింటినీ తిరిగి పేర్చి, 2024 మార్చిలో మండపాన్ని సందర్శకులకు తెరిచారు. పాత రాయి ఎక్కడ ముగిసిందో, కొత్త రాయి ఎక్కడ మొదలైందో వెతుకుతూ ఒక ప్రదక్షిణ చేస్తే, ఎనిమిది వందల ఏళ్ల నాటి పనివారినీ నేటి పనివారినీ ఒకే చోట చూసినట్లవుతుంది.

[దృశ్యం: వరంగల్ కోట, కీర్తి తోరణాలు]

కోటలో రాతి తోరణాల దగ్గర ఫోటోలు తీసుకున్న తరువాత, దయచేసి గోడల వైపు కూడా నడవండి. బయట మట్టికోట, దాని లోపల రాతికోట, చుట్టూ కందకం ఉంటాయి. రాతికోట గోడలో పెద్ద పెద్ద రాళ్లను సున్నం వాడకుండా, కేవలం బరువుతోనూ కూర్పుతోనూ నిలిపారు. ద్వారం గుండా లోపలికి వెళ్లే దారి సూటిగా సాగక మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే శత్రుసేన వేగం ఆ మలుపులోనే తగ్గిపోతుంది.

[దృశ్యం: పాలంపేట, రామప్ప గుడి]

రెండవ రోజు పూర్తిగా రామప్పకే కేటాయించమని నా సలహా. ములుగు జిల్లా పాలంపేటలో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ రుద్రేశ్వరాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దీన్ని కింది నుంచి పైకి చూడాలి. పునాది గుంతను ఇసుకతో నింపి, ఆ ఇసుక మెత్త మీద కట్టడాన్ని నిలిపారు. భూమి కంపించినప్పుడు ఆ అదురులో కొంత భాగాన్ని ఇసుక తనలోనే ఇముడ్చుకుంటుంది. లోపలి నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, అయినా గుడి నిలిచే ఉంది. నా దృష్టిలో అక్కడి శిల్పాలతో సమానంగా చూడవలసినది ఆ వంగిన నేల.

ఇక పైన ఉన్న విమానాన్ని, అంటే గర్భగుడి మీది శిఖరాన్ని, రాతితో కాక తేలికైన ఇటుకలతో కట్టారు. ఇటుక నిండా సన్నని రంధ్రాలు ఉండి, వాటిలో గాలి ఉండడం వల్ల, మొత్తం పరిమాణానికి దాని బరువు నీటి బరువు కంటే తక్కువ అవుతుంది. అందుకే అది నీటిలో తేలుతుంది. అయితే తేలడం ఇక్కడ అసలు ఉద్దేశం కాదు. ఇసుక మీద నిలిచిన గుడికి తల భారం తగ్గించడమే ఉద్దేశం. పునాదినీ శిఖరాన్నీ ఒకే ఆలోచనతో రూపొందించారని అర్థమైన క్షణంలో నాకు కలిగిన ఆనందం మీకూ కలగాలని కోరుకుంటున్నాను.

గుడి పక్కనే ఉన్న రామప్ప చెరువు కట్ట ఎక్కడం మరచిపోవద్దు. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు నిండి మత్తడి (అలుగు) దుమికితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. సమయం మిగిలితే లక్నవరానికి వెళ్లండి. చుట్టూ ఉన్న గుట్టలనే గోడలుగా వాడుకొని, వాటి మధ్య సందులను చిన్న కట్టలతో మూసి, అంత పెద్ద చెరువును ఎలా నిలిపారో అక్కడ కళ్లారా చూడవచ్చు.

[దృశ్యం: కొత్తవాడ, మగ్గం మీద జంపఖానా]

కొనుగోళ్ల విషయంలో నేను పాటించే నియమం ఒకటే: తయారీ చూసిన తరువాతే వస్తువు కొనాలి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొనే ముందు జంపఖానాను తిరగేసి చూడండి. నేతలోనే వచ్చిన బొమ్మ రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, పైన అద్దినది అయితే ఒకవైపే స్పష్టంగా కనిపిస్తుంది. పడుగును (నిలువు దారాలను) పేక (అడ్డ దారాలు) పూర్తిగా కప్పేసిన తీరునూ, ఒక రంగు దారం మరొక రంగు దారాన్ని పట్టుకునే చోటునూ వేలితో తడిమి చూస్తే పనితనం తెలుస్తుంది. బేరమాడే ముందు, ఒక్క జంపఖానాకు ఎన్ని రోజుల పని పట్టిందో నేతన్నను అడగండి.

హైదరాబాదు దారిలో తిరిగి వెళ్లేవారు జనగామ దాటగానే పెంబర్తిలో ఆగాలి. అక్కడి కళాకారులు ఇత్తడి రేకును లక్క మీద బిగించి, ఉలితోనూ సుత్తితోనూ కొట్టి బొమ్మను పైకి తెస్తారు. అలాంటి పలకను వెనక్కి తిప్పితే, ముందు ఉబ్బిన చోటల్లా వెనుక గుంత కనబడుతుంది.

బొమ్మల కథలను ఇష్టపడేవారు మాత్రం జనగామ నుంచి సిద్దిపేట దారి పట్టి చేర్యాలకు వెళ్లండి. అక్కడి నకాశీ పటాల్లో పొడవైన గుడ్డ మీద, ఎర్రని నేపథ్యంలో, కథ ఒక గడి తరువాత మరొక గడిగా సాగుతుంది. కథకులు పటాన్ని చూపుతూ ఊళ్లలో పాడి వినిపించేవారు. అంత పొడవు పటం కొనలేనివారికి చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి చేసిన చిన్న ముఖాలు ఉంటాయి. నా బల్ల మీద అటువంటివి రెండు ఉన్నాయి, ఒకటి తాతది, ఒకటి అవ్వది.