గన్ బ్యారెల్‌పై పాత బ్రౌనింగ్ తీయడానికి వెనిగరా, రస్ట్ రిమూవరా?

నమస్తే అండి. ముందు ఈ బ్యారెల్ చూడండి. మా పెదనాన్నగారి ఎయిర్ గన్‌ది. తుప్పు పట్టినట్టుంది కదా? తుప్పే, కాకపోతే కావాలని పట్టించిన తుప్పు. లోహాన్ని తుప్పు పట్టించే ద్రావణం పూసి, తేమలో ఉంచి, పైకి లేచిన పొడి గీకేసి, మళ్లీ పూస్తారు. ఇలా కొన్నిసార్లు చేస్తే గట్టిగా అతుక్కున్న గోధుమరంగు పొర వస్తుంది. అదే బ్రౌనింగ్. పాతకాలం మందు దట్టించే తుపాకులకు ఇది సింగారం. ఎయిర్ గన్‌కి ఎందుకు చేయించారో ఆయనకే తెలియాలి! ఇప్పుడు మచ్చలుమచ్చలుగా ఊడిపోయింది.

మా విశాఖ పూర్ణా మార్కెట్లో "గన్ మెటల్ క్లీన్ చెయ్యడానికి ఏముంది?" అని అడిగితే షాపాయన వాల్వు తీసి చూపించాడు. తప్పు నాదేలెండి. పోర్టున్న ఊళ్లో గన్ మెటల్ అంటే ఓడల వాల్వులు చేసే, రాగి, తగరం, జింకు కలిసిన లోహం. నాదేమో ఉక్కు.

సరే, మొదట తెల్ల వెనిగర్. బ్రౌనింగ్ అంటే ఇనుప ఆక్సైడే కదా, ఆమ్లంలో కరుగుతుంది. బ్యారెల్ రెండు చివర్లూ బిరడాలతో మూసి, కింద మూత వేసి వెనిగర్ నింపిన పీవీసీ పైపులో నిలబెట్టాను. అరగంటకోసారి తీసి నాలుగు సున్నాల (0000, అంటే అతి సన్నని) స్టీల్ ఊల్‌తో రుద్దాను. మూడోసారికి పొర అంతా ఊడి వచ్చేసింది. ఎమ్రీ పేపర్ మాత్రం వద్దండి, అంచులూ చెక్కిన అక్షరాలూ అరిగిపోతాయి. సీరియల్ నంబర్ ఉన్న తుపాకీ అయితే ఆ నంబర్ చెరపడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. లైసెన్సు తుపాకీని లైసెన్సున్న రిపేరర్‌కే ఇవ్వండి.

రెండోది ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్. గుంటల్లోని తుప్పుని ఇదే బాగా లాగింది. కానీ బూడిదరంగు ఫాస్ఫేట్ పొర వదిలింది. దాని మీద తర్వాత బ్లూయింగ్ (ఉక్కుకి నల్లని నీలిరంగు పొర ఎక్కించడం) సమంగా పట్టదు, మళ్లీ రుద్దుకోవాలి.

బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లకండి. దాని ఆవిరికే పక్కనున్న స్పానర్లు తుప్పు పడతాయి. స్ప్రింగులనైతే ఏ ఆమ్లంలోనూ నానబెట్టొద్దు, పెళుసెక్కి విరిగిపోవచ్చు.

అసలు టెన్షన్ పొర తీసిన తర్వాతే. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం దగ్గరే. వెనిగర్ కడిగి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి బ్యారెల్ మీద నారింజరంగు తేలింది. మళ్లీ మొదట్నుంచీ! ఈసారి వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వేడి తగ్గకముందే నూనె రాశాను. అప్పుడు నిలిచింది.

నా ఓటు వెనిగర్‌కే. లోతైన గుంటలుంటేనే రెండోది కొనండి. వచ్చే వీడియోలో దీనికి బ్లూయింగ్ చేస్తాను. అప్పటిదాకా రోజూ నూనె గుడ్డతో తుడవడమే నా పని.