22 కోట్ల దరఖాస్తుల లెక్క ఎక్కడిది? పార్లమెంటు జవాబు మీరే తీసి చదవండి

నమస్కారమండీ. "కేంద్ర ఉద్యోగాలకు 22 కోట్ల దరఖాస్తులు వస్తే 7 లక్షల మందికే వచ్చాయి." ఈ మాట మీ వాట్సాప్‌లో ఎప్పుడో ఒకసారి తిరిగే ఉంటుంది. ఎక్కడిదండీ ఈ లెక్క అని అడిగారనుకోండి, పంపినాయన నోరు మెదపడు. లెక్క నిజమే. దాని తాలూకు కాగితాన్ని ఇప్పుడు మనమే బయటికి తీద్దాం.

ముందు రెండు ముక్కలు. లోక్‌సభలో పొద్దున 11 గంటలకు ప్రశ్నోత్తరాలు. రాజ్యసభలో మధ్యాహ్నం 12కి, ఇది 2014 చివర్లో మారింది. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు ఇవి 20. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి జవాబు కాగితం మీదే. టీవీలో మనం చూసేది ఆ ఇరవైలో నాలుగైదు. అసలు సరుకంతా ఈ 230లో ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు.

[స్క్రీన్: వెబ్‌సైట్ హోమ్ పేజీ]

బ్రౌజర్‌లో సంసద్ డాట్ ఇన్ అని కొట్టండి. లోక్‌సభ మీద నొక్కి, క్వశ్చన్స్‌లోకి వెళ్లండి. 17వ లోక్‌సభ, 9వ సమావేశాలు ఎంచుకోండి. మంత్రిత్వ శాఖ దగ్గర పర్సనల్, పబ్లిక్ గ్రీవెన్సెస్ అండ్ పెన్షన్స్. సభ్యుడి పేరు దగ్గర అనుముల రేవంత్ రెడ్డి. అవును, ఇప్పటి తెలంగాణ ముఖ్యమంత్రే, అప్పుడు మల్కాజిగిరి ఎంపీ. తేదీ 2022 జులై 27. పీడీఎఫ్ తెరవండి. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటుంది, తెలుగులో ఉండదు. కొంచెం ఓపిక పట్టాలి.

నేను మొదట్లో చేసిన తప్పు మీరు చేయకండి. జవాబులోకి దూకేసేవాణ్ణి. పైన ప్రశ్న ఉంటుంది, ఎ, బి, సి, డి అని ముక్కలుగా. దాన్ని రెండుసార్లు చదవండి. అడిగినదానికి మాత్రమే జవాబు వస్తుంది, అడగనిది రాదు.

[స్క్రీన్: పట్టిక]

ఇదిగో పట్టిక. 2014-15 నుంచి 2021-22 దాకా వచ్చిన దరఖాస్తులు 22,05,99,238. నియామకానికి సిఫారసు అయినవారు 7,22,311. భాగిస్తే సుమారు 305 దరఖాస్తులకు ఒక్కరు. ఇక్కడ ఆగండి. "దరఖాస్తులు" అన్నారు, "మనుషులు" అనలేదు. అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో గది తీసుకుని చదివే కుర్రాడు ఏడాదికి నాలుగైదు నోటిఫికేషన్లకు పెడతాడు. అతను ఒక్కడే, దరఖాస్తులు ఐదు. కాబట్టి 22 కోట్ల మంది నిరుద్యోగులు అని ఎవరైనా అంటే తప్పు.

ఇంకోటి. 2018-19 వరస చూడండి. దరఖాస్తులు 5 కోట్ల పైచిలుకు, సిఫారసులు 38,100. గుండె గుభేలుమంటుంది. తర్వాతి ఏడాది 1,47,096. దరఖాస్తు ఒక ఏడాది, పరీక్ష, ఫలితం మరో ఏడాది కదా, అందుకే ఏ ఏడాదికి ఆ ఏడాది భాగిస్తే లెక్క తప్పుతుంది. ఎనిమిదేళ్ల మొత్తమే కాస్త నమ్మకంగా మాట్లాడేది.

పట్టికతో పాటు ఒక పేరా వస్తుంది, ప్రభుత్వం ఏమేం చేస్తోందో. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు, అంటే పీఎల్ఐ, 1.97 లక్షల కోట్లు, దానికి 60 లక్షల కొత్త ఉద్యోగాలు కల్పించే "సామర్థ్యం" ఉందని. ఆ ఒక్క మాట కింద గీత గీయండి. వచ్చిన ఉద్యోగాలు కావవి, రాగలవని వేసిన అంచనా. మన ఫ్యాక్టరీలు ప్రపంచంతో పోటీ పడాలన్నది ఆ పథకం ఉద్దేశం, అందులో పేచీ లేదు. ఎందరు చేరారన్నది మాత్రం వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగలేదు కాబట్టి జవాబూ లేదు.

పోటీతత్వం మీద జవాబుల్లో చాన్నాళ్లు ఒకే లెక్క కనిపించేది: ప్రపంచ బ్యాంకు నివేదికలో మన వ్యాపార సౌలభ్య ర్యాంకు 142 నుంచి 63కి వచ్చిందని. ఆ నివేదికనే ప్రపంచ బ్యాంకు డేటాలో అవకతవకల వల్ల 2021లో ఆపేసింది. పాత జవాబులు చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి చాలు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఉదాహరణ. నచ్చడం అంటే పాఠంగా, విషయం బాధాకరమైనదే. 2020 సెప్టెంబరు. కొవిడ్ పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంట తీసేశారు, లిఖిత జవాబులు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు పోతూ ఎందరు వలస కూలీలు చనిపోయారు, పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో అడిగారు. కార్మిక శాఖ జవాబు: అలాంటి డేటా లేదు. డేటా లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదు. గంట ఉండి ఉంటే "ఎందుకు లేదండీ" అని లేచి అడిగేవారు. కాగితానికి ఎదురు ప్రశ్న వేయలేం కదా.

అదే నెలలో రాజ్యసభలో రైల్వే శాఖను అడిగారు, వలస కూలీల కోసం నడిపిన శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ఎందరు చనిపోయారని. మంత్రి పీయూష్ గోయల్ లిఖిత జవాబు: 97 మంది. అంత పెద్ద విషాదంలో అది ఒక చిన్న భాగం లెక్కే. కానీ లెక్క వచ్చింది. ఎందుకంటే రైల్లో మరణానికి పోలీసు రికార్డు ఉంటుంది. రిజిస్టరు ఎవరి దగ్గరుందో వాళ్లనే అడగాలి.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని జవాబు వస్తే విసుక్కోకండి. అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, లేదంటే ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. గడువు పొడిగించుకోవడం మామూలే అనుకోండి.

నిరుద్యోగ రేటు అడిగిన ప్రశ్నలకు కార్మిక శాఖ పీఎల్ఎఫ్ఎస్, అంటే ప్రభుత్వం ఇళ్లకు వెళ్లి చేసే శ్రామిక శక్తి సర్వే, లెక్క ఇస్తుంది. 2023-24కి 3.2 శాతం. ఏడాదిలో 30 రోజులు పని చేసినా ఈ పద్ధతిలో ఉద్యోగి కిందే లెక్క పడొచ్చు. అదే సర్వేలో గత వారంలో పని ఉందా లేదా అన్న లెక్కన చూస్తే 4.9. రెండూ నిజమే. జవాబులో ఎక్కువగా కనిపించేది మొదటిది. కొట్లో జీతం లేకుండా నాన్నకు సాయం చేసే అబ్బాయి కూడా ఈ లెక్కలో పని ఉన్నవాడే.

చివరగా, ప్రశ్న రాద్దాం. ఎంపీకి మీరూ పంపొచ్చు, వేయాలా వద్దా ఆయన ఇష్టం. 150 పదాలు దాటకూడదు. వాదన, వెటకారం, అభిప్రాయం అడగడం ఉంటే స్పీకర్ ఆఫీసు కొట్టేస్తుంది.

[స్క్రీన్: ఖాళీ పేజీ, టైప్ చేస్తూ]

"ఉద్యోగాలు ఇవ్వడంలో ఎందుకు విఫలమయ్యారు?" పోతుంది. "పీఎల్ఐ బాగుందా?" అదీ పోతుంది. ఇలా రాయండి: ఎ, పీఎల్ఐ కింద గత మూడేళ్లలో నేరుగా ఉద్యోగంలో చేరినవారి సంఖ్య, ఏడాదివారీగా, రంగాలవారీగా. బి, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాటా. సి, వారిలో ఎందరికి పీఎఫ్ ఖాతా ఉంది. డి, లేదంటే ఆ వివరాలు సేకరించే ఏర్పాటు ఏమిటి.

ఆ "డి" మరవకండి. "డేటా లేదు" అన్నాక తప్పించుకునే దారి అక్కడే మూసుకుంటుంది.

పైన శాఖ పేరు: వాణిజ్య, పరిశ్రమలు. కార్మిక శాఖ అని రాస్తే మళ్లీ ఆ సర్వే లెక్కే వస్తుంది. సభలో జవాబు రోజుకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి, సమావేశాల తేదీలు పేపర్లో చూసిన రోజే ఎంపీ ఆఫీసుకు మెయిల్ పెట్టేయండి.