పాత ఎస్టేట్‌లో డబ్బా ఎక్కడ దాచాలి?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని చారిత్రక ఎస్టేట్ల తోటల్లో జియోకాషింగ్ గురించి, ముఖ్యంగా అక్కడ డబ్బా దాచాలనుకునేవాళ్ల కోసం, నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ముఖ్యమనిపించేది ఒకటే. అలాంటి చోట ఎంత తెలివిగా దాచామన్నది కాదు, వచ్చినవాళ్లను ఏ దారిలో నడిపించామన్నదే చూడాలి.

ఆట కొత్తవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు, మిగతావాళ్లు జీపీఎస్ సాయంతో దాన్ని వెతుకుతారు. అదే జియోకాషింగ్. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం, సామాన్యుల జీపీఎస్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్లు అటూఇటూ చూపించిన పరికరాలు ఒక్కసారిగా నమ్మదగ్గవయ్యాయి. మే 3న ఆరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అయితే బ్రిటన్‌కు ఈ సరదా అంతకుముందే ఉంది. ఇంగ్లండ్ నైరుతిలోని డార్ట్‌మూర్ బీడు కొండల్లో జేమ్స్ పెరట్ అనే గైడ్ 1854లోనే క్రాన్‌మియర్ పూల్ దగ్గర సీసా పెట్టాడు, అంత దూరం నడిచొచ్చినవాళ్లు తమ కార్డు అందులో వేసి వెళ్లడానికి.

ఇక తోటల సంగతి. విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ చూడండి. 1946 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే, చారిత్రక స్థలాలను కాపాడే సంస్థ చేతిలో ఉంది. హెన్రీ హోర్ అనే బ్యాంకరు 18వ శతాబ్దం మధ్యలో నీటికి అడ్డుకట్ట వేయించి అక్కడ చెరువు చేయించాడు. ఒడ్డు వెంట నడుస్తుంటే అవతల పాంథియన్ అనే, రోమన్ గుడిలాంటి కట్టడం కనిపిస్తుంది, కాసేపటికి చెట్ల చాటుకు పోతుంది. గుహలోకి దిగితే, రాళ్ల మధ్య సందులోంచి చెరువు మళ్లీ కళ్లబడుతుంది. చూపించడం, దాచడం, మళ్లీ చూపించడం... తోట కట్టినవాళ్లు ఈ ఆట ఎప్పుడో ఆడేశారు. మన ఆట ఆ వరసను చెడగొట్టకుండా ఉంటే చాలు.

ఎస్టేట్లలో తరచూ కనిపించే ఇంకో వింత హా-హా, అంటే దూరం నుంచి కనబడకుండా కంచెలా పనిచేసే కందకం. ఇంటి కిటికీలోంచి చూస్తే పచ్చిక ఎక్కడా తెగకుండా గొర్రెలు మేసే పొలందాకా సాగినట్టుంటుంది. అంచుకు వెళ్తే తప్ప కందకం కనబడదు. ఇంటివైపు నిట్టనిలువు గోడ, అవతలివైపు వాలు. ఫోన్‌లో బాణం గుర్తు మాత్రం తిన్నగా ముందుకే చూపిస్తుంది. తల వంచుకుని నడిచే మనిషి నేరుగా అందులో పడతాడు. అందుకే మీ డబ్బా దారి హా-హాను దాటేలా ఎప్పుడూ పెట్టకండి.

నేల తవ్వకూడదన్నది ఆట నియమమే. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడల్లోంచి ఒక్క రాయి లాగినా పక్క రాళ్లు కదులుతాయి. ముసలి ఓక్ తొర్రలో గబ్బిలాలు ఉండొచ్చు. అవి లేని సమయంలోనైనా వాటి నివాసాన్ని చెడగొట్టడం బ్రిటన్‌లో నేరం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది చెట్ల మొదళ్ల సంగతి. దట్టమైన కొమ్మల కింద సిగ్నల్ తప్పుతుంది, వచ్చిన ప్రతివాళ్లూ చెట్టు చుట్టూ తిరుగుతారు, ఆ తొక్కుడుకు మట్టి గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు. రెండు మూడు వందల ఏళ్ల చెట్టుకు మన సరదా వల్ల ఆ గతి పట్టకూడదు.

మరేం చేయాలి? మల్టీ పెట్టండి, అంటే ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి నడిపించి చివరికి డబ్బా చేర్చే రకం. మొదటి మజిలీల్లో డబ్బాలే వద్దు. గుర్రపుశాల ద్వారం మీద చెక్కిన సంవత్సరం, మండపం స్తంభాల సంఖ్య, వంతెన కమానుల సంఖ్య... వీటిని కలిపితే చివరి చోటు తెలిసేలా లెక్క కట్టండి. జనం తలెత్తి చూస్తారు. అసలు డబ్బాను కార్ పార్క్ కంచె దగ్గరో, మామూలు కాలిబాట పక్కనో ఉంచండి, తేలిగ్గా దొరికే సూచన ఇవ్వండి. వేరే డబ్బాలకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలని మర్చిపోకండి.

ఇదంతా యజమాని అనుమతి చేతికొచ్చాకే. తోటమాలిని వెంటబెట్టుకుని ఒకసారి ఆ దారంతా నడవండి. ఏ మూల పక్షులు గూడు కడతాయో, ఏ ద్వారానికి మరమ్మతు రాబోతోందో మ్యాప్ చెప్పదు, ఆయన చెబుతాడు. టికెట్ ఉందా, గేటు ఎన్నింటికి మూస్తారు అన్నవి ఇంటర్నెట్‌లో మీ డబ్బాకు రాసే వివరణలో మొదటి వరుసలోనే రాయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.